కాంటెస్సా గొప్పదా? స్టాండర్డ్ 2000 గొప్పదా?

లగ్జరీ కారంటే మెత్తని సీట్లు, ఏసీ అనే మేమూ అనుకునేవాళ్ళం, ఈ రెండు పాత కార్ల సంగతి చదివేదాకా.

1984లో హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా తెచ్చింది. మరుసటి ఏడాదే మద్రాసు నుంచి పోటీగా స్టాండర్డ్ 2000 వచ్చింది. అందంలో స్టాండర్డ్‌దే పైచేయి. దాని బాడీ 1977లో యూరప్ ఉత్తమ కారుగా ఎంపికైన ఇంగ్లండు రోవర్‌ది. లోపల పెట్టింది మాత్రం 1940ల నాటి వ్యాన్‌గార్డ్ ఇంజను! ఖరీదూ ఎక్కువే, పెట్రోలు ఖర్చూ ఎక్కువే. 1988 నాటికి తయారీ ఆగిపోయింది.

కాంటెస్సా మాత్రం తక్కువ తిన్నదా? బాడీ బ్రిటిష్ వాక్స్‌హాల్ విక్టర్‌ది, మొదట్లో ఇంజను మన అంబాసిడర్‌దే, 1489 సీసీ. అంత బరువైన బండికి అది చాలదు. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని మన లంబసింగి ఘాట్ ఎక్కాలంటే విశాలమైన సీట్లు ఏం సాయం చేస్తాయి మిత్రులారా?

అయితే ఆ కంపెనీ తర్వాత జపాన్ ఇసుజు వారి 1817 సీసీ ఇంజను, ఐదు గేర్లు పెట్టింది. పాత బాడీతోనే ఆ కారు 2002 దాకా తయారైంది.

డబ్బుకు తగిన కారు ఏదంటే మా ఓటు ఇసుజు కాంటెస్సాకే. ఫొటోలో మాత్రం, ఒప్పుకోవాలి, స్టాండర్డే బాగుంటుంది.