ఆసుపత్రిలో అంటుకునే రోగం

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినవి. ఆరోగ్యంగా వెళ్లినవారే, ఇన్‌ఫెక్షన్ సోకి, కొద్దిరోజుల్లోనే నలుగురు చనిపోయారు.

1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ బాలింతల మరణాల లెక్క చూసి, వైద్యులచేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోతుండగా, జూన్‌లో ఇద్దరికి తగ్గింది.

ఒక్క వరిదుబ్బుకు తెగులు కనబడితే మా నాయన మడంతా తిరిగి చూస్తడు. ఆసుపత్రి పద్ధతీ అదే కావాలె. ఆపరేషనైన వారిని 30 రోజులు కనిపెట్టాలె: కుట్టు ఎర్రబడ్డదా, చీము పట్టిందా, జ్వరమొచ్చిందా? ఒక్కరికి సోకినా చేతులు, పనిముట్లు, ఆనాటి రోగులందరినీ పరీక్షించాలె. ఆదిలాబాద్ గూడేనికి తిరిగిపోయిన తల్లిని సైతం అడగాలె. ఆసుపత్రి గేటు దాటినంత మాత్రాన లెక్క తీరదు.