165 రూపాయల కోత

మెట్టుగూడ, సికింద్రాబాద్
ఆగస్టు 10

చిన్నోడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన జీతం స్లిప్పు చూశాం. జులై నుంచి 22,000! మీ అత్తయ్య అప్పటికప్పుడు పాయసం చేసింది. నువ్వు లేవుగా, నీ వాటా కూడా నేనే తిన్నాను. కాకపోతే ఆ స్లిప్పులో ఈఎస్ఐ 165 అన్నచోట ఎర్రగా సున్నా చుట్టి, "ఇంకా రెండు నెలలే మామయ్యా, ఈ పీడ వదుల్తుంది" అని రాశావు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్లో మొదలుపెడితే "డ్యూటీలో ఉన్నా మామయ్యా" అంటావని కాగితం తీశాను.

ఆ 165 నీ జీతంలో 0.75 శాతం. దానికి తోడు నీ పేరు మీద కంపెనీ 3.25 శాతం, అంటే 715 కడుతోంది. నెల జీతం 21,000 దాటితే ఈఎస్ఐ వర్తించదు కాబట్టి అక్టోబరు నుంచి నీకు 165 మిగులుతుంది, వాళ్లకు 715 మిగులుతుంది. పండగ ఎవరికో నువ్వే చూసుకో.

ఈఎస్ఐ అంటే సనత్‌నగర్ ఆసుపత్రి, డిస్పెన్సరీలో మాత్రలు అనే కదా నీ లెక్క. జబ్బు చేసి పనికి పోలేకపోతే డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంలో నూటికి డెబ్బై వంతున ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు కూడా ఇస్తారు. టీబీ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘరోగాలకైతే, రెండేళ్లుగా చందా పడుతున్నవాడికి నూటికి ఎనభై. డ్యూటీలో దెబ్బ తగిలితే తొంభై. 2010లో చట్టం సవరించాక ఇంటి నుంచి డ్యూటీకి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా అందులోనే కలిపారు. నీ స్లిప్పులో ఆ ఒక్క గీత వెనక ఇంత ఉంది.

మీ నాన్న సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నువ్వప్పుడు అయిదో తరగతి. వానలో సంగీత్ చౌరస్తా దగ్గర స్కూటర్ జారి బావ కుడి మణికట్టు విరిగింది. గాంధీ ఆసుపత్రిలో కట్టు కట్టారు, పైసా తీసుకోలేదు. అందరం హమ్మయ్య అనుకున్నాం. జనరల్ బజార్లో టైలర్ పని, పీసు లెక్కన కూలి. కత్తెర పట్టే చెయ్యే పోయాక పీసెక్కడిది? కొట్టు యజమాని మొదటి వారం అడ్వాన్సు ఇచ్చాడు, రెండో వారం ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. నాలుగు నెలలు. వారాసిగూడలో ఇంటి కిరాయి మాత్రం ఒకటో తారీఖుకి ఇవ్వాల్సిందే. మా చెల్లి మెడలో పుస్తెలతాడు సేటు దగ్గరికి పోయింది, పసుపుతాడు వచ్చింది. నోము పట్టానని నీకు చెప్పింది, నువ్వు నమ్మావు. ఆ తాడు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

ఆ ఏడాదే నేనూ ఇంట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. రైల్వే ఉద్యోగం కదా, సిక్ మెమో, లాలాగూడ రైల్వే ఆసుపత్రి, ఆరు వారాలు మంచం మీద. నెలాఖరుకి జీతం ఎప్పటిలాగే చేతికొచ్చింది. మంచం పక్కన కూర్చుని బావ ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే చూశాను. విరిగింది ఇద్దరికీ ఎముకే. నాకున్నదీ ఆయనకు లేనిదీ సిక్ లీవు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటావేమో. 2023 డిసెంబరులో దాన్ని పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ ఆ డబ్బు ఆసుపత్రికి పోతుంది, ఇంటి కిరాయికి రాదు. బండి ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షలు అని ఉంటుంది, అది ప్రాణం పోతేనో శాశ్వత వైకల్యం వస్తేనో. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు పట్టుకునే సురక్షా బీమా కూడా అంతే. పెట్టుకో, వద్దనను. కానీ బావకి జరిగినట్టు చెయ్యి విరిగి నాలుగు నెలల్లో అతుక్కుంటే ఈ మూడింట్లో ఏదీ కూలి ఇవ్వదు.

ఇప్పుడు నీకున్న గడువు చెప్తాను. సెప్టెంబరు 30 దాకా నీకు చందా పడుతుంది. ఏప్రిల్ నుంచి కట్టిన ఆ చందా మీద వచ్చే జనవరి 1 నుంచి జూన్ 30 దాకా జబ్బు డబ్బుకు హక్కుంటుంది. ఈ ఏడాది మిగతా నెలలకు అంతకు ముందు కట్టింది ఉంది. కార్డు పారేయకు. జూన్ లోపల నీ సిక్ లీవు నువ్వే కట్టుకోవాలి.

అందులో మొదటిది పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. అది తీసుకునేటప్పుడు ఏజెంటు లక్షల లెక్క చెప్తాడు. నువ్వు ఒక్కటే అడుగు: "కొన్నాళ్లు పనికి పోలేకపోతే వారానికి ఎంతిస్తారు, ఎన్ని వారాలు?" దాన్ని వాళ్లు టీటీడీ అంటారు, తిరుపతి అనుకునేవు. చాలా పాలసీల్లో వారానికి బీమా మొత్తంలో ఒక శాతం, వంద వారాల దాకా. పైన ఒక పరిమితి పెడతారు, నీ సంపాదనకు మించి ఇవ్వరు. కొన్నింట్లో అది విడిగా అడిగితేనే చేరుస్తారు. తాగి నడిపితే పైసా రాదు, ఆ మాట నీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇవన్నీ దెబ్బలకే. జబ్బుతోనే చిక్కు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ క్యాన్సర్, గుండెపోటు లాంటి వాటికి ఒకేసారి మొత్తం ఇస్తుంది. తీసుకున్న 90 రోజుల్లోపు బయటపడితే ఇవ్వదు. టైఫాయిడ్‌కో, కామెర్లకో రెండు నెలలు పడుకుంటే దానికి సంబంధం లేదు. ఆ రెండు నెలలకు నీ డబ్బే దిక్కు. ఈ పెరిగిన 2,000తో కొత్త బండి ఈఎంఐ మొదలుపెట్టకుండా మూడు నెలల కిరాయి, కిరాణా, మీ అమ్మ మందులు లెక్కేసి, అంత చేరేదాకా విడిగా ఒక ఆర్డీలో వెయ్యి. దాన్ని నీ చెల్లి పెళ్లికి కూడా కదపకు.

ఆదివారం రా. వచ్చేటప్పుడు బండి ఇన్సూరెన్స్ కాగితం, ఈఎస్ఐ కార్డు తీసుకురా. చిన్నక్షరాలు నేను చదువుతాను, కొత్త కళ్లజోడు వచ్చింది.

ఇట్లు
మామయ్య