అన్నం తిన్నాక పది నిమిషాలు

ఏలూరు

మేనల్లుడికి,

నీకు షుగర్ వచ్చిందనీ, బీపీ కూడా కాస్త ఎక్కువే ఉందనీ అక్క ఫోన్లో చెప్పి ఏడ్చింది. దిగులు పడకు. ఇరవయ్యేళ్లుగా ఆ రెండింటితోనూ బతుకుతున్నవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

మా తాత కొల్లేట్లో తాటిదోనె మీద గడ వేసుకుంటూ తిరిగేవాడు. ఆయన ఒంటిని బతుకుతెరువే కదిలించింది. ఇవాళ చేపల చెరువు గట్టు మీదికి కూడా బండి మీదే పోతున్నాం. నువ్వేమో తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పొద్దుగూకేదాకా గల్లాపెట్టె ముందే కూర్చుంటావు. షుగరూ బీపీ, అవి తెచ్చే గుండెజబ్బూ పట్నం జబ్బులనుకోకు. 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 1,354 మంది పోతే, అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని ఆరా తీసినవాళ్లు తేల్చారు.

కండ కదిలితే చాలు, రక్తంలో చక్కెరను తనే లాక్కుంటుంది. తిన్న గంటా రెండు గంటల్లో చక్కెర ఎక్కుతుంది కాబట్టి మూడు పూటలా తినగానే పదేసి నిమిషాలు నడువు. వారానికి ఐదు రోజులు నడిచినా 150 నిమిషాలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క అదే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఆయాసం రావాలి, అంత వేగం చాలు. కొట్లో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు, బీపీ అమాంతం పెరుగుతుంది. గుండెల్లో పట్టేసినట్టుంటే వెంటనే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లు. నడుస్తున్నాను కదా అని మాత్రలు మానకు.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. ఒక ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోటలో చెప్పుల్లేకుండా తిరిగాను. కాళ్లకి స్పర్శ తగ్గిందని అప్పటికి తెలీదు. అరికాల్లో రాయి దిగిన సంగతి ఇంటికొచ్చి గచ్చు మీద రక్తం చూశాకే తెలిసింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నడక ఆగిపోయి షుగర్ మళ్లీ పెరిగింది. అప్పట్నుంచి రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోనిదే పడుకోను. నువ్వూ చూసుకో. అమ్మవారికి మొక్కు ఉంటే చెప్పులతోనే నడిచి, గుడి ముందు విడువు.

వచ్చే ఆదివారం అక్కని తీసుకుని రా. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కాలువ గట్టు దాకా నడిచొద్దాం. మొదటి పది నిమిషాలు నా పక్కనే నడువు.

నీ మేలు కోరే
మావయ్య