వాహనము నడుపునపుడు సెల్‌ఫోను వాడుక

పూర్వము మన రైతులు ధాన్యపు బస్తాలను బండి కెత్తి, రాత్రివేళ పట్టణమునకు తోలుకొని పోవుచు, బస్తాలపై నొరిగి కునుకు తీయుచుండెడివారు. అట్లయినను ఎడ్లు దారి తప్పెడివి కావు. గోతిని జూచి తామే తొలగెడివి. నేడు ఆ బండి స్థానమున ట్రాక్టరు వచ్చినది. దాని బలము అనేక జతల ఎడ్లకు సమానము. కాని దానికి కన్నులు లేవు. నడుపువాని కన్నులే దాని కన్నులు. అవి సెల్‌ఫోనుపై నిలిచినచో బండి గ్రుడ్డిదగును.

ఈ విషయమును లెక్కవేసి చూతము. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవు ట్రాక్టరు సెకనుకు ఐదున్నర మీటర్లు సాగును. ఫోను తీసి, పిలిచినవారి పేరు చదువుటకు 5 సెకనులు పట్టినచో, అంతలో ట్రాక్టరు సుమారు 28 మీటర్లు చూపు లేకయే పోవును. 60 కిలోమీటర్ల వేగముతో పోవు మోటారు సైకిలు 83 మీటర్లు పోవును. ఆ దూరములో బడి విడిచిన పిల్లలు రోడ్డు దాటవచ్చును. గేదె అడ్డము రావచ్చును. పైగా బరువు నిండిన ట్రాలీ వెనుకనుండి నెట్టుచుండుటచే, బ్రేకు త్రొక్కినను బండి వెంటనే నిలువదు.

చెవికి తీగ తగిలించుకొని మాటలాడినచో దోషము లేదని కొందరి యభిప్రాయము. అది పొరపాటు. చేతులు ఖాళీగా నున్నను మనస్సు ఖాళీగా నుండదు. మిర్చి ధర గూర్చి కమీషను వర్తకునితో బేరమాడువాని చిత్తము గుంటూరు యార్డులో నుండును; కన్నులు తెరచియున్నను ఎదుటి గోయి కానరాదు. ప్రక్కన కూర్చున్నవాడు మలుపును జూచి మాట ఆపును. ఫోనులోనివానికి మన దారి తెలియదు.

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ననుసరించి, ఫోను చేతబట్టి వాహనము నడుపుట అపాయకరమైన డ్రైవింగుగా నెంచబడును. మొదటి తప్పునకు 1,000 మొదలు 5,000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు మాసములనుండి సంవత్సరము వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

కావున సభ్యు లీ క్రింది నియమములను పాటింపవలెను.

1. ఇంజను నడిపింపక మునుపే అవసరమైన మాటలు ముగించి, ఫోను మ్రోగకుండ జేసి, చేతి కందనిచోట నుంచవలెను. తోడు మనిషి యున్నచో అతనికీయవలెను.

2. దారి చూపు పటమును బయలుదేరుటకు ముందే సరిచేసికొనవలెను.

3. తప్పనిసరిగా మాటలాడవలసి వచ్చినచో, మలుపులు, వంతెనలు లేని చోట, రోడ్డు దిగి, బండి నిలిపి, హ్యాండు బ్రేకు వేసి మాటలాడవలెను. రాత్రివేళ నిలిపినపుడు వెనుకవారికి కనబడునట్లు దీపములు వెలిగించి యుంచవలెను.

4. పిలుచువారికిని బాధ్యత కలదు. ఇంటివారైనను, వర్తకులైనను, “బండి మీద నున్నావా?” యని మొదట నడుగవలెను. ఔనన్నచో వెంటనే ఫోను పెట్టివేయవలెను.

ఫోను చెడ్డ వస్తువు కాదు. రోడ్డుపై నెవరైన గాయపడి యున్నపుడు, మన బండి నిలిపి 108కి గాని 112కి గాని కబురు చేయుటకు దానికి మించిన సాధనము లేదు. కాని ధాన్యపు ధర తెలియుట కొక గంట యాలస్యమైనను నష్టము పూడ్చుకొనవచ్చును. 5 సెకనులలో పోయిన ప్రాణమును ఏ సంఘమును, ఏ బీమాయును తిరిగి తేజాలదు. ట్రాక్టరుపై నెక్కిన ప్రతి రైతును ఇంటివద్ద నెదురుచూచు వారిని స్మరించి, మాటను దారి ముగిసిన పిదప నాడుట ఉత్తమము.