గబ్బిలం మోసిన కబురు

దేవరయాంజాల్‌లో పాత సీతారాముల గుడి ఉంది. మన చుట్టుపక్కల ఇట్లాంటి పాత గుళ్ళు ఎన్నో ఉన్నాయి. పాత గుళ్ళ చీకటి మూలల్లో గబ్బిలాలు వేలాడుతుంటాయి. పొద్దు గూకితే బయటికి ఎగురుతాయి. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టం అంటాం. చీపురు తీసుకుని తరుముతాం.

కానీ అక్కలారా, ఒక కవి తన పుస్తకానికి "గబ్బిలం" అనే పేరు పెట్టారు. ఎందుకు పెట్టారు? చదువుకుందాం.

జాషువా గారి బతుకు

ఆ కవి పేరు గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో పుట్టారు. తండ్రిది యాదవ కులం. తల్లిది మాదిగ కులం. వాళ్ళు క్రైస్తవులు. పేద ఇల్లు.

జాషువా గారికి చిన్నప్పటి నుంచి పద్యాలంటే ఇష్టం. కష్టపడి చదివారు. పంతులుగా పని చేశారు. ఒకసారి వినుకొండలో కవుల సభ జరిగింది. అక్కడ ఆయన తన పద్యాలు చదివారు. అప్పుడు కొందరు లేచి గొడవ చేశారు. "అంటరానివాణ్ణి సభకు ఎట్లా రానిచ్చారు?" అన్నారు. పద్యం బాగుందా, లేదా అని చూడలేదు. కులం ఏమిటని చూశారు.

మనిషికి ఎంత బాధగా ఉంటుంది! ఆయన మాత్రం కలం కింద పెట్టలేదు. పేదరికం, కులభేదం ఈ రెండే తనకు గురువులని చెప్పుకున్నారు.

గబ్బిలం కథ

వెయ్యేళ్ళకు ముందే కాళిదాసు అనే కవి ఒక కథ రాశాడు. అందులో ఒకడు దూరాన ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా గారు 1941లో గబ్బిలంతో కబురు పంపించారు.

ఆ కథలో కబురు పంపేవాడు రాజు కాదు, దేవత కాదు. తంజావూరు దగ్గర ఉండే ఒక పేదవాడు. చెప్పులు కుట్టే కులంలో పుట్టాడు. ఒళ్ళు వంచి పని చేస్తాడు. అయినా కడుపు నిండదు. ఊరు అతన్ని ముట్టుకోదు. తన కష్టం శివుడికి చెప్పుకుందామంటే గుళ్ళోకి రానివ్వరు.

ఒక రాత్రి అతని గుడిసెలోకి గబ్బిలం వచ్చింది. దాన్ని చూసి అతనికి ఆలోచన వచ్చింది. గబ్బిలాన్ని గుళ్ళోకి రావద్దని ఎవరూ అనరు. అది శివుడికి దగ్గరగా పోయి వేలాడగలదు. అందుకే తన గోడు దానికి చెప్పాడు. శివుడి చెవిన వేయమని బతిమాలాడు.

అక్కా, ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గబ్బిలానికి ఉన్న హక్కు మనిషికి లేకపోయింది! జాషువా గారు ఎవరినీ తిట్టలేదు. ఈ ఒక్క మాట మన ముందు పెట్టారు. చదివినవాళ్ళ గుండె కరిగింది. చాలామందికి సిగ్గు వేసింది.

తర్వాత ఆయనను నాడు గేలి చేసిన లోకమే గౌరవించింది. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971లో ఆయన చనిపోయారు.

కూతురు నడిచిన దారి

జాషువా గారి కూతురు హేమలతా లవణం. తండ్రి కలంతో చేసిన పనిని ఆమె ఊరూరా తిరిగి చేశారు. తెలంగాణలో పేద దళిత ఆడపిల్లలను దేవుడి పేరుతో జోగినులుగా మార్చేవారు. ఆ పిల్లలకు పెళ్ళి ఉండేది కాదు. వాళ్ళ బతుకు ఊరి పెద్దల పాలయ్యేది. హేమలత గారు నిజామాబాద్ జిల్లాలో ఈ ఆచారాన్ని మాన్పించడానికి పని చేశారు. 1988లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

రంగు పేరుతో

మన దగ్గర కులం. అమెరికాలో ఒంటి రంగు. అక్కడ నల్లవాళ్ళను ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమ్మేవారు. 1761లో ఏడెనిమిదేళ్ళ పిల్లను ఓడలో తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. ఆ ఓడ పేరు ఫిల్లిస్. పిల్లకు కూడా అదే పేరు పెట్టారు. ఆమె సొంత పేరు ఎవరూ రాసి ఉంచలేదు. ఆ ఇంట్లోనే ఆమె చదవడం, రాయడం నేర్చుకుంది. పద్యాలు రాసింది. 1773లో ఫిల్లిస్ వీట్లీ పద్యాలు పుస్తకంగా వచ్చాయి.

తర్వాత అక్కడి కొన్ని రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడమే నేరం అన్నారు. ఎందుకు? చదువు వస్తే ప్రశ్న వస్తుంది కాబట్టి.

మన ఆడవాళ్ళ మాట

మన దగ్గరా దళిత ఆడవాళ్ళు కలం పట్టారు. గోగు శ్యామల గారిది పాత రంగారెడ్డి జిల్లా పెద్దేముల్. ఆమె కథలు రాశారు. దళిత స్త్రీల రచనలను కూర్చి 2003లో "నల్లపొద్దు" అనే పుస్తకం తెచ్చారు. వాడలో బతుకు ఎట్లా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్ళే చెప్పారు.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 17వ అధికరణంలో ఆ మాట ఉంది. 1989లో దళితులు, గిరిజనుల మీద అత్యాచారాలను అరికట్టే చట్టం వచ్చింది. కానీ చట్టం కాగితం మీద ఉంటే చాలదు. మన ఇంటి గడప దగ్గర కూడా ఉండాలి. పనికి వచ్చిన మనిషికి వేరే గ్లాసు పెడుతున్నామా? "వాళ్ళ పిల్లలతో ఆడుకోవద్దు" అని మన పిల్లలకు చెబుతున్నామా? ఈ ప్రశ్న మనల్ని మనమే అడగాలి.

ఇప్పుడు మనకు అక్షరం వచ్చింది. మన కష్టం చెప్పడానికి గబ్బిలం అక్కర్లేదు. మనమే రాయగలం.

కొత్త మాటలు
కబురు – ఒకరికి పంపే సమాచారం
గోడు – చెప్పుకునే బాధ
అధికరణం – రాజ్యాంగంలో ఒక భాగం

మాట్లాడుకుందాం
1. కథలోని పేదవాడు గబ్బిలంతోనే కబురు ఎందుకు పంపాడు?
2. బానిసలకు చదువు చెప్పవద్దని ఎందుకు అన్నారు?
3. మీ ఊళ్ళో వేరే గ్లాసు, వేరే వరుస ఉన్నాయా? వాటిని ఎట్లా పోగొట్టాలి?

రాయండి
మిమ్మల్ని ఎవరైనా చిన్నచూపు చూసిన రోజు గుర్తు తెచ్చుకోండి. దాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. తోటి అక్కలకు చదివి వినిపించండి.