వేరు చూసి విత్తనం

అనంతపురం, కర్నూలు ప్రాంతాల ఎర్రనేలల్లో వర్షాధారంగా వేసిన అశ్వగంధ (పెన్నేరు) ఇప్పుడు పీకుడుకు వస్తోంది. ఆకులు పండుబారి రాలుతున్నాయి, పలుచని పొరల్లో దాగిన కాయలు నారింజ ఎరుపుకు తిరిగాయి. విత్తి 150 నుంచి 180 రోజులు నిండిన చేలల్లో కూలీలను పిలిచే ముందు రైతులు ఒక పని చూసుకోవాలి. అదే విత్తన మొక్కల ఎంపిక.

ఈ పంటకున్న సౌలభ్యం ముల్లంగికి లేదు. ముల్లంగి వేరు బాగుందో లేదో తెలియాలంటే పీకాలి, విత్తనం కావాలంటే దాన్ని మళ్ళీ నాటి పూత కోసం ఎదురుచూడాలి. పెన్నేరులో వేరు బయటపడే రోజుకే కాయ పండి ఉంటుంది. వేరు ఒక చేత్తో, దాని విత్తనం ఇంకో చేత్తో పట్టుకోవచ్చు. అయినా కళ్ళంలో కాయలన్నీ ఒకే కుప్పగా పోస్తే ఆ అవకాశం పోతుంది. పీచు వేరు మొక్కలు కాయలు విరివిగా కాసి ఉంటే, మరుసటి ఏడు చేనంతా వాటి సంతతే ఎక్కువవుతుంది.

మంచి వేరు చేతికే తెలుస్తుంది. విరిస్తే పటుక్కున విరగాలి, లోపల పిండిలా తెల్లగా ఉండాలి. సాగి, పీచులు తేలితే ఆ మొక్క విత్తనానికి పనికిరాదు. ఏడు సెంటీమీటర్ల ముక్క, సెంటీమీటరు నుంచి ఒకటిన్నర లావు, తెల్లని లోపలి భాగం ఉన్న సరుకునే మొదటి రకంగా లెక్కిస్తారు. కొమ్మలు చీలని, నిటారుగా దిగిన వేరుకు ప్రాధాన్యం ఇవ్వాలి.

అయితే లావు వేరు కనబడగానే సంబరపడకూడదు. గట్టు పక్కన, ఎరువు కుప్ప పోసిన చోట, పక్క మొక్కలు చచ్చి ఎడం దొరికిన చోట ఏ మొక్కకైనా వేరు ఊరుతుంది. అది నేల ఇచ్చిన బలం, విత్తనంతో రాదు. అందుకే చేనును మనసులోనే చిన్న మడులుగా విడదీసుకుని, ఒక్కో మడిలో తోటి మొక్కల కంటే మేలైన రెండు మూడింటినే తీసుకోవాలి. చేనంతటిలో లావైనవి ఏరితే సారం ఉన్న మూల నుంచే విత్తనం వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త విల్హెల్మ్ యోహాన్సన్ 1903లో చిక్కుడు గింజలపై చేసిన పరిశోధన దాన్ని తేటతెల్లం చేసింది. ఒకే మొక్క నుంచి స్వపరాగ సంపర్కంతో వచ్చిన వంశంలో పెద్ద గింజలు ఏరి విత్తినా, చిన్నవి విత్తినా సంతతి సగటు మారలేదు. అశ్వగంధ కూడా ఎక్కువగా స్వపరాగ సంపర్కంతోనే కాస్తుంది. పోషిత, జవహర్ అశ్వగంధ-20 వంటి రకాల స్వచ్ఛమైన విత్తనం వేసినవారు ఏరేది రకం చెడిపోకుండా కాపాడుకోవడానికే. అసలు లాభం కలగాపులగంగా ఉన్న నాటు విత్తనం వేసినవారిది. వైవిధ్యం ఉన్నచోటే ఎంపిక ఫలిస్తుంది.

కంటికి కనబడని గుణం వేరులోని ఔషధ పదార్థాలైన విథనోలైడ్ల శాతం. సారం తీసే కంపెనీలకు కావలసింది అదే. లావు వేరులో అది ఎక్కువ ఉంటుందన్న హామీ లేదు, ప్రయోగశాలలోనే తేలాలి. కొనేవారు దేనికి డబ్బిస్తారో ముందే కనుక్కున్నాకే ఎంపిక మొదలుపెట్టడం మంచిది. రకాల గురించి హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో విచారించవచ్చు.

ఎంచుకున్న మొక్కల కాయలను విడివిడిగా పిసికి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఒక్కో మొక్క గింజలు ఒక్కో కాగితం పొట్లంలో ఉండాలి, కలిపితే పడిన శ్రమ వృథా. పాత గింజ మొలక తగ్గుతుంది కాబట్టి వచ్చే వానాకాలంలోనే వాడాలి. అప్పుడు మొక్కకో సాలు చొప్పున పక్కపక్కనే విత్తితే ఏ తల్లి గుణం నిలిచిందో సాలు సాలుకూ తేడా కనబడుతుంది. బాగున్న సాళ్ళనే ఉంచుకోవాలి. తేనెటీగల వల్ల కొంత సంకరం జరగవచ్చు గనుక గట్ల మీద తనంత తాను మొలిచిన అడవి పెన్నేరును పూతకు ముందే పీకేయాలి.