వాణిజ్య భవనములు – విద్యుత్తు పొదుపు: అనర్థదండ విరతి దృష్టితో ఒక పాఠము

కోవిల్‌పట్టి పట్టణమునకు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున కళుగుమలై అను కొండ కలదు. ఆ కొండరాతిపై 8వ శతాబ్దమున, పాండ్యరాజు పరాంతక నెడుంజడైయన్ కాలమున, తీర్థంకరుల ప్రతిమలు వరుసలు వరుసలుగా చెక్కబడినవి. పార్శ్వనాథస్వామి, బాహుబలిస్వామి, అంబికాయక్షి అచ్చట దర్శనమిచ్చుచున్నారు. అనేక ప్రతిమల క్రింద వాటిని చేయించినవారి పేర్లు వట్టెళుత్తు లిపిలో కలవు. ఆ కొండచరియల నీడయే నాటి మునులకు నివాసము. వారికి దీపము లేదు, విసనకర్ర లేదు, తలుపు కూడ లేదు.

గృహస్థునకు అట్టి జీవితము సాధ్యము కాదు. అతనికి ఇల్లు కావలెను, అంగడి కావలెను, సరకు పాడుగాకుండ గోదాము కావలెను. అంగడిలోనికి వచ్చిన కొనుగోలుదారునకు గాలి, వెలుతురు కావలెను. అందుచేతనే మన ఆచార్యులు మునికి మహావ్రతములను, శ్రావకునకు అణువ్రతములను విధించిరి. శ్రావకుని ధర్మము సర్వత్యాగము కాదు, పరిమాణము. ఎంతవరకు అవసరము, ఎక్కడినుండి అనవసరము అను హద్దును తెలిసికొనుటయే అతని సాధన.

మిరప, పప్పుధాన్యములు, నూనెల వర్తకమునకు పేరుపొందిన విరుదునగర్‌లోను, అగ్గిపెట్టెలకు, నూలుమిల్లులకు, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కడలై మిఠాయికి నిలయమైన కోవిల్‌పట్టిలోను నేడు పాత అంగళ్లు పోయి అద్దాల భవనములు లేచుచున్నవి. అట్టి భవనమును కట్టదలచిన వర్తక కుటుంబమునకు ఈ హద్దు ఎచ్చట నున్నదో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. ఆ హద్దును ఒకవైపు వ్రతము చెప్పుచున్నది, మరియొకవైపు దేశశాసనము చెప్పుచున్నది. రెండును ఎంత దగ్గరగా నున్నవో చూచిన ఆశ్చర్యము కలుగును.

1. వ్రతము చెప్పునది

గుణవ్రతములలో అనర్థదండ విరతి ఒకటి. అర్థము అనగా ప్రయోజనము. దండము అనగా మనోవాక్కాయములచే జీవులకు కలిగించు బాధ. ప్రయోజనము లేకయే జరుగు హింసను మానుట ఈ వ్రతము. అనర్థదండము యొక్క భేదములలో ప్రమాదచర్య ఒకటి. సమంతభద్రాచార్యులు రచించిన రత్నకరండ శ్రావకాచారమున దీని వివరణ కలదు. నిష్ప్రయోజనముగా భూమిని త్రవ్వుట, నీటిని పారబోయుట, నిప్పును రగుల్చుట, గాలిని కదల్చుట, పచ్చని చెట్టును కోయుట, ఇవి యన్నియు ప్రమాదచర్యలే. ఇక్కడ ద్వేషము లేదు, లోభము కూడ లేకపోవచ్చును. ఉన్నది ఏమరుపాటు మాత్రమే. ఆ ఏమరుపాటే దోషమని ఆచార్యుల నిర్ణయము.

విద్యుత్తు తేజస్కాయ జీవమా, కాదా, అనగా సచిత్తమా అచిత్తమా అను విషయమున సంప్రదాయముల మధ్య చర్చ కలదు. ఆ చర్చ ఎట్లు తేలినను, విద్యుత్తు పుట్టుచోటు సంగతి నిశ్చయమే. కోవిల్‌పట్టి యున్న జిల్లాలోనే తూత్తుకుడి సముద్రతీరమున 1979లో మొదటి యంత్రము ప్రారంభమైన థర్మల్ కేంద్రము బొగ్గును మండించి విద్యుత్తు చేయుటకే కట్టబడినది. బొగ్గుతో చేసిన ఒక్క యూనిట్ విద్యుత్తునకు అర కిలోకు పైగా బొగ్గు కాలవలెను. కోవిల్‌పట్టి నుండి తిరునెల్వేలి పోవు త్రోవలో కయత్తారు వద్ద గాలిమరలు తిరుగుచున్న మాట నిజమే. కాని గాలి వీచనప్పుడు, ఎండ లేనప్పుడు మన స్విచ్చి నొక్కిన ఎక్కడో ఒకచోట పొయ్యి మండవలసినదే.

2. శాసనము చెప్పునది

భారతదేశమున శక్తి పొదుపు చట్టము 2001లో చేయబడినది. దానిని అమలుపరచుటకు 2002లో శక్తి సామర్థ్య సంస్థ ఏర్పడినది. ఏ.సి. యంత్రముపై నక్షత్రముల చీటీని చూచువారందరు ఆ సంస్థను బి.ఇ.ఇ. అను పేరుతో ఎరుగుదురు. వాణిజ్య భవనముల కొరకు శక్తి పొదుపు భవన నియమావళి 2007లో వెలువడినది. దానినే ఇంజనీర్లు ఇ.సి.బి.సి. అందురు. 2017లో అది సవరింపబడి, మూడు మెట్లుగా విభజింపబడెను. సాధారణముగా కట్టు భవనముకంటె మొదటిమెట్టు భవనము సుమారు 25 శాతము, రెండవమెట్టు 35 శాతము, మూడవమెట్టు 50 శాతము శక్తిని ఆదా చేయవలెనని లక్ష్యము.

ఈ నియమావళి ఎవరికి వర్తించును? 2001 నాటి చట్టమున 500 కిలోవాట్ల విద్యుత్ లోడు గల పెద్ద భవనములకు మాత్రమే అని యుండెను. 2010 సవరణచే ఆ హద్దు 100 కిలోవాట్లకు, లేదా 120 కె.వి.ఎ. ఒప్పంద డిమాండునకు తగ్గింపబడెను. 2022లో చేయబడి 2023 జనవరి 1న అమలులోనికి వచ్చిన సవరణచే నివాస భవనములు కూడ దీని పరిధిలోనికి తేబడినవి. ఈ హద్దును ఇంకను తగ్గించుటకు రాష్ట్రములకు అధికారము కలదు. స్థానిక శీతోష్ణములకు తగినట్లు నియమములను సవరించి ప్రకటించు అధికారము కూడ రాష్ట్రములదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో అట్లు ప్రకటించెను. కావున భవనము కట్టువారు తమ పురపాలక కార్యాలయమున అమలులో నున్న నియమమును ముందుగా కనుగొనవలెను.

100 కిలోవాట్లు అనగా మనవంటివారికి అందని పెద్ద లెక్క అని కొందరనుకొందురు. మూడంతస్తుల బట్టల దుకాణమును లెక్కకు తీసికొందము. ఒకటిన్నర టన్నుల ఏ.సి. యంత్రములు నలుబది, ఒక్కొక్కటి 1.6 కిలోవాట్ల చొప్పున 64 కిలోవాట్లు. దీపములు 20 కిలోవాట్లు. లిఫ్టు, నీటి పంపు, కంప్యూటర్లు మొదలగునవి 16 కిలోవాట్లు. మొత్తము 100. పెండ్లి బట్టల అంగడి ఏదైనను ఈ హద్దునకు దూరములో లేదు.

3. ఎండ లోనికి వచ్చు త్రోవలు

విద్యుత్తు పొదుపు యంత్రముతో ప్రారంభము కాదు, గోడతోను కప్పుతోను ప్రారంభమగును. లోనికి వచ్చిన వేడిని తోడిపోయుటకంటె రాకుండ ఆపుట మేలు. ఆస్రవమును ఆపుట సంవరము, చేరినదానిని తొలగించుట నిర్జర అని తత్త్వము నేర్చిన శ్రావకునకు ఈ క్రమము క్రొత్త కాదు.

మొదటి త్రోవ కప్పు. దక్షిణ తమిళనాడున నడినెత్తిపై సూర్యుడుండు దినములు అనేకము. కాబట్టి గోడలకంటె మిద్దెపైననే ఎక్కువ ఎండ పడును. 2017 నియమావళి ప్రకారము అధిక భవనములకు కప్పు ఉష్ణప్రసార గుణకము 0.33 మించరాదు. చదరపు మీటరు కప్పునకు ఇరువైపుల ఒక డిగ్రీ భేదమున్నప్పుడు ఎన్ని వాట్ల వేడి దాటునో ఈ అంకె తెలుపును. పూత, పలక ఏదియు లేని కాంక్రీటు కప్పునకు ఈ గుణకము దీనికి అనేక రెట్లు. మరియు చదునైన కప్పు తనపై పడిన ఎండలో కనీసము పదింట ఆరు వంతులు వెనుకకు పంపవలెనని నియమము. తెల్లని పూతచే ఇది సులభముగా సిద్ధించును.

దీని ఫలమును హైదరాబాదు ప్రాంతమున కొలిచి చూచిరి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు వాణిజ్య భవనములపై చేసిన ఆ పరిశీలన 2012లో ప్రచురింపబడెను. నల్లని కప్పును తెల్లగా చేసినచో చదరపు మీటరునకు ఏటికి 20 నుండి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేసినచో 13 నుండి 14 యూనిట్లు ఆదా అయ్యెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు ఇట్టి అనుభవమే ఆధారము. నూరు చదరపు మీటర్ల మిద్దె క్రింద ఏ.సి. గల అంగడి యున్నచో, ఈ లెక్కన ఏటికి 1,300 యూనిట్లకు తక్కువ కాదు. విరుదునగర్ ఎండ హైదరాబాదు ఎండతో సరిసమానమని చెప్పలేము గాని, చలికాలమే లేని ఊరిలో తెల్లకప్పు వలన నష్టము లేదు.

రెండవ త్రోవ అద్దము. గోడలో అద్దపు భాగము నూటికి 40 మించరాదని నియమము. అద్దముపై పడిన సూర్యతాపములో లోనికి పోవు భాగము మన ప్రాంతమునకు 0.27, అనగా నాలుగవ వంతునకు కొంచెము పైన, మించరాదు. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఉత్తర హిందూస్థానమున ఉత్తరపు గోడకు ఎండ తక్కువ. అందుచే 15 డిగ్రీల అక్షాంశమునకు ఉత్తరమున నున్న ఊళ్లలో ఉత్తరపు కిటికీకి 0.50 వరకు సడలింపు ఇచ్చిరి. కోవిల్‌పట్టి, విరుదునగర్ 9, 10 డిగ్రీల మధ్య నున్నవి. ఇచ్చట ఏప్రిల్ నడుమ నుండి ఆగస్టు చివరివరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరమువైపుననే యుండును. కావున ఈ ఊళ్లకు ఆ సడలింపు లేదు. ఉత్తరపు ముఖద్వారము గదా, అద్దము నింపుదమను పద్ధతి ఇచ్చట పనికిరాదు. అద్దముపై ముందుకు చాచిన చూరు, పాతకాలపు వసారా నేటికిని మంచి విద్యయే.

4. దీపము, చల్లదనము

నగల అంగడిలో గాజుబీరువాపై 50 వాట్ల హాలోజన్ దీపములు ఇరువది కలవనుకొందము. మొత్తము 1,000 వాట్లు. దినమునకు పది గంటల చొప్పున 300 దినములకు 3,000 యూనిట్లు. వాటి స్థానమున 7 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు ఇరువది పెట్టినచో 420 యూనిట్లు చాలును. ఆదా 2,580. అంతటితో లెక్క ముగియలేదు. దీపమునుండి వచ్చిన వేడిని ఏ.సి. యంత్రము బయటకు తోడవలెను. మూడు పాళ్ల వేడిని తోడుటకు యంత్రము ఒక పాలు విద్యుత్తు తీసికొనునను లెక్కన, ఆ వేడి తగ్గుటచే మరి 860 యూనిట్లు మిగులును. మొత్తము 3,440. ఒకే గదిలో, సరకు వెలుగు తగ్గకుండ, 1,700 కిలోలకు పైగా బొగ్గు మండకుండ ఆగుచున్నది.

2020 జనవరి 1 నుండి మన దేశమున తయారగు గది ఏ.సి. యంత్రములు 24 డిగ్రీల వద్ద ప్రారంభమగునట్లు ఏర్పాటు చేయబడినవి. దానిని 18కి దించి, గుమస్తాలకు చలివేయుచున్నదని తలుపు తెరచియుంచుట ప్రమాదచర్యకు చక్కని ఉదాహరణము. అంగడి మూసిన పిమ్మట తెల్లవార్లు వెలుగు పేరుపలక మరియొక ఉదాహరణము. దాని చుట్టు చేరి చచ్చు పురుగులను ఉదయము ఊడ్చువాడు చూచును, యజమాని చూడడు. పని లేనప్పుడు దీపములు తమంతట ఆరిపోవు ఏర్పాటు ఉండవలెనని నియమావళియు చెప్పుచున్నది.

5. ఇంటివాడు, అద్దెదారు

వర్తక కుటుంబములకు ఇచ్చటనే అసలు పరీక్ష కలదు. భవనమును కట్టువాడొకడు, కరెంటు బిల్లు కట్టువాడు మరియొకడు. కప్పునకు మంచి పొర వేసిన ఖర్చు ఇంటివానిది, లాభము అద్దెదారుది. అందుచే ఇంటివాడు చౌకగా కట్టును, అద్దెదారు ముప్పది సంవత్సరములు దాని శిక్ష అనుభవించును. ప్రపంచమంతట పొదుపు నియమములు శాసనరూపమున రావలసివచ్చుటకు ఈ చిక్కు ఒక ముఖ్యకారణము. ఎవరి ఆవర్జాలోను ఆ నష్టము పూర్తిగా కనబడదు. కనబడని ఖర్చును ఎవరును తగ్గింపరు.

ఒకరి చౌక మరియొకరికి భారమగునప్పుడు శ్రావకుడు ఏమి చేయవలెను? ఒప్పందమునందే దారి కలదు. కప్పు, అద్దము మంచివి వేసి, బిల్లులో మిగులు సొమ్మును అంచనా కట్టి, కొంత అద్దెలో చేర్చి, కొంత అద్దెదారునకు విడిచినచో ఇరువురకు మేలు. దీనికి ముందుగా ఏడాది బిల్లులను ఒకచోట వ్రాసి, మొత్తము యూనిట్లను భవనపు చదరపు మీటర్లతో భాగించి చూడవలెను. ఆ అంకెయే భవనపు నడవడిని తెలుపునది. నియమావళి కూడ భవనమును ఈ విధముగానే తూచుచున్నది.

6. హద్దును తప్పించుకొనుట

100 కిలోవాట్ల హద్దు దాటకుండ ఒకే భవనమునకు రెండు మూడు పేర్లతో కనెక్షన్లు తీసికొనవచ్చునని సలహా చెప్పువారు ఎల్లచోట్ల ఉందురు. అస్తేయవ్రతమునకు చెప్పబడిన ఐదు అతిచారములలో విరుద్ధరాజ్యాతిక్రమము ఒకటి. రాజ్యనియమమును దాటి వ్యాపారలాభము పొందుట అని దాని భావము. దొంగతూకము, కల్తీసరకు దాని ప్రక్కననే చెప్పబడినవి. తూకములో ఒక్క గ్రాము తగ్గింపని వర్తకుడు లోడును పంచి దాచుట తగునా అని ఎవరికి వారే ఆలోచింపవలెను.

ఇక 100 కిలోవాట్లు లేని చిన్న అంగడి మాట. దానిని శాసనము అడుగదు. కాని అనర్థదండ విరతికి కిలోవాట్ల హద్దు లేదు. శాసనము వెలుపలినుండి గీయబడిన గీత, వ్రతము తనకు తాను గీసికొన్న గీత. చిన్న అంగడివాడు మిద్దెపై సున్నపు పూత వేసి, ఒక హాలోజన్ దీపమును మార్చి, రాత్రి పేరుపలకను ఆర్పినచో, అతడు ఏ అధికారికిని లెక్క చెప్పనక్కరలేదు. అయినను అతని వ్రతము నిలిచినది.

పాఠమును ఇంటిలో పిల్లలతో చర్చించుటకు ప్రశ్నలు:

(1) మన అంగడి కప్పు ఏ రంగు? మధ్యాహ్నము దాని క్రింది గది ఎట్లుండును?
(2) గత సంవత్సరము మనము వాడిన యూనిట్లు ఎన్ని? చదరపు మీటరునకు ఎంత?
(3) అంగడి మూసిన తరువాత వెలుగుచున్నవి ఏవి? అవి ఎవరి ప్రయోజనము కొరకు?
(4) మన అద్దెదారు చెల్లించు బిల్లులో మన నిర్మాణదోషము పాలు ఎంత?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దినచిట్టాలో వ్రాసికొన్న కుటుంబము పర్యుషణ పర్వమున, దశలక్షణ పర్వమున చేయు ఆలోచనలో ఈ విషయమును కూడ చేర్చుకొనవచ్చును.